సాంకేతిక విశ్రాంతి

తెన్వీష్ అనే ఎడారి జిల్లాలో ఇకమీదట ప్రభుత్వ వాహనమేదీ చెడిపోదని జిల్లాని ఏలే అధికారి, హాకిం సిదాతీ వుల్ద్ ఎబ్నూ గారు రేడియోలో ప్రకటించారు.

"చెడిపోవడం అనేది ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన మాట. ఈ జిల్లాలో ఆ మాట రద్దు చేశాం. పని ఎక్కువైనప్పుడు వాహనం సాంకేతిక విశ్రాంతి తీసుకుంటుంది, అంతే. మెయింటెనెన్స్ అంటే ఏమిటో దేశానికి చూపిస్తాం. ప్రతి గురువారం నేనే స్వయంగా ఫోర్ వీల్ బండిలో బావి బావికీ వచ్చి ప్రజల గోడు వింటాను" అన్నారు.

బీర్ లెగ్రేద్ బావి దగ్గర గుడారంలో ఉండే తెక్బర్, గొర్రెల పాలు పితుకుతూ ఈ ప్రసంగం విన్నది. మంచి మనిషిలా ఉన్నాడనుకుంది. ఆమె మొగుడు పోయి చాలాకాలమైంది. పోతూ పోతూ ఆయన ఆమెకి ఒక మందనీ, ఒక గుడారాన్నీ, ఆ గుడారానికున్న మంచిపేరునీ వదిలిపోయాడు. మొన్నటి కరువులో మంద సగానికి సగం పోయింది. పేరు మాత్రం చెక్కుచెదరలేదు. అదే ఆమె కొంప ముంచింది.

గురువారం నాడు తెల్లటి ఫోర్ వీల్ బండి, ముందు రెండు జెండాలు కట్టుకుని, దుమ్ము రేపుకుంటూ వచ్చింది. తెక్బర్ గుడారం ఎదురుగా రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అందులోంచి హాకిం గారు దిగారు. వెనక మైకు పట్టుకుని రేడియో విలేకరి యెస్లిమ్ దిగాడు. డ్రైవర్ దహ్మాన్ దిగి, అంగరఖా చేతులు భుజాల మీదికి మడుచుకుని, బోనెట్ ఎత్తి తల లోపలికి పెట్టాడు. కాసేపటికి తల బయటికి తీసినప్పుడు అతని మొహం చావు కబురు తెచ్చినవాడి మొహంలా ఉంది.

"ఏమైందిరా?" అన్నారు హాకిం గారు.

"ఎయిర్ ఫిల్టర్ మనసు బాగాలేదు సార్."

"ఎంతసేపు పట్టొచ్చు?"

దహ్మాన్ ఇంజన్ వైపు చూడలేదు. మంద వైపు చూశాడు. "అది పొట్టేలుని బట్టి... అంటే పరిస్థితిని బట్టి ఉంటుంది సార్."

ఎడారిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి బండి ఎక్కడ ఆగితే, అక్కడికి దగ్గర్లో ఉన్న గుడారానికి వాళ్ళు చుట్టాలు. బండి కదిలేదాకా చుట్టాలే. చుట్టం ఆకలితో కదిలితే ఆ గుడారం పేరు నాలుగు బావుల అవతల కూడా చెడుతుంది. తెక్బర్ రెండో ఆలోచన లేకుండా చాపలు పరిపించి, పాలలో పంచదార కలిపి ఇచ్చి, ఒక పొట్టేలుని కోయించింది.

హాకిం గారు బొమిక చేత్తో పట్టుకుని మెయింటెనెన్స్ మీద ప్రసంగించారు. బండిని కన్నబిడ్డలా చూసుకోవాలన్నారు. ఆయిల్ వేళకి మార్చాలన్నారు. టూల్ బాక్స్ లేని బండి తండ్రి లేని బిడ్డ అన్నారు. ఆ మాట మీద దహ్మాన్ టూల్ బాక్స్ తెచ్చి తెరిచాడు. అందులో టీ కెటిల్, గాజు గ్లాసులు, పుదీనా కట్ట, మాంసం కోసే కత్తి ఉన్నాయి. ఆనవాయితీ ప్రకారం టీ మూడు విడతలూ అయ్యాక దహ్మాన్ మళ్ళీ బోనెట్‌లో తల పెట్టి, ఆవులించినంత సేపట్లో బయటికి తీశాడు. బండి గుర్రుమంటూ స్టార్టయింది.

"హాకిం గారి వాహనం సాంకేతిక విశ్రాంతిని విజయవంతంగా పూర్తి చేసుకుంది" అని ఆ సాయంత్రం రేడియో చెప్పింది.

ఆ తర్వాతి గురువారం క్లచ్‌కి వైరాగ్యం పుట్టింది. ఆ పై గురువారం గేర్ బాక్స్ అలిగింది. ఇంకో వారం రేడియేటర్‌కి దిష్టి తగిలింది. ఆ బండి తెలివిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. మందలో ముందువరసలో గొర్రెపిల్ల నిలబడితే చిన్న నలత చేసేది. బలిసిన పొట్టేలు కనబడితే ఇంజన్ మొత్తం పడకేసేది. పక్క గుడారాల వాళ్ళు కూడా చేతనైన సాయం చేశారు. ఒకరు పంచదార ఇచ్చారు, మిగతావాళ్ళు సలహాలిచ్చారు.

"వదినా, ఆ బండి మన గుడారం దగ్గర తప్ప ఇంకెక్కడా ఎందుకాగదు?" అంది తెక్బర్ మరదలు సల్కా, గిన్నెలు తోముతూ. "హమ్మాదీ పెదనాన్న గుడారం ముందు అన్ని రాళ్ళున్నాయి. అక్కడ మాత్రం దూసుకుపోతుంది."

"హమ్మాదీ పెదనాన్నకి ఉన్నది ఒక్క గాడిదేగా" అంది తెక్బర్.

"బండికెలా తెలుస్తుంది?"

"ప్రభుత్వం బండి కదే. దానికి అన్నీ తెలుస్తాయి."

చివరికి తెక్బర్ గుడారం ఎత్తేసింది. ఒంటె మీద గుంజలూ గుడ్డలూ కట్టుకుని, పెద్ద ఇసుక దిబ్బకి అవతల, బండి అనేది ఎన్నడూ రాని చోట దిగింది. బావికి నడక దూరమైంది. అయితేనేం, ఈ గురువారం పొట్టేళ్ళు పొట్టేళ్ళలాగే ఉంటాయి కదా అని నిట్టూర్చింది.

గురువారం మధ్యాహ్నం దిబ్బ అవతల హారన్ మోగింది.

బండి దిబ్బ ఎక్కుతూ ఎక్కుతూ ఇసుకలో కూరుకుపోయి ఉంది. వెనక చక్రాలు గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంటున్నాయి. ముందు చక్రాలు చుట్టపుచూపుగా వచ్చినట్టు ఊరికే ఉన్నాయి.

"నాలుగు చక్రాల బండన్నారు, రెండే తిరుగుతున్నాయేం?" అని సల్కా గట్టిగానే అడిగింది.

దహ్మాన్ నీళ్ళు నమిలాడు. ముందు చక్రాల మధ్యలో మూతల్లాంటివి ఉంటాయట. దిగి, వాటిని చేత్తో తిప్పితే తప్ప ఇంజన్ బలం ముందు చక్రాలకి అందదట. అలా తిప్పాలంటే చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి.

"జనం చూస్తుండగా ప్రభుత్వోద్యోగి చక్రం ముందు మోకరిల్లడమా? ప్రోటోకాల్ ఏం కావాలి?" అన్నారు హాకిం గారు కిటికీలోంచి.

"పోనీ టైర్లలో కాస్త గాలి తీయించండి బాబూ" అన్నాడు ముసలి హమ్మాదీ. "ఇసుకలో నడిపే పిల్లకాయలకి కూడా తెలిసిన సంగతేగా."

"ప్రభుత్వం గాలి తీస్తారా!" అని హాకిం గారు కళ్ళెర్రజేశారు.

ఇంకేముంది, బావి దగ్గరున్న మగవాళ్ళంతా భుజాలు పెట్టారు. ఆడవాళ్ళు చక్రాల కింద చాపలు పరిచారు. ముందు తాడు కట్టి తెక్బర్ ఒంటె లాగింది. హాకిం గారు లోపల కూర్చుని ఎడమకి, కుడికి అని చెప్పారు. అలా బండిని దిబ్బ ఎక్కించి, దించి, తెక్బర్ గుడారం గుమ్మం ముందు నిలబెట్టారు. నిలబడ్డాక అది చెడిపోయింది.

"ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ అడుగుపెట్టని మారుమూలకి హాకిం గారు కేవలం ఫోర్ వీల్ శక్తితో చేరుకున్నారు" అంది రేడియో. ఆ రోజు చివరి పొట్టేలు పోయింది.

చీకటి పడకముందే తెక్బర్ గుడారం వెనక్కి వెళ్ళి ఏడ్చింది. ఇక మిగిలినవి పాలిచ్చే గొర్రెలు. అవి కూడా పోతే పూట గడవడానికి పాలుండవు. పాలు లేని గుడారం ఎడారిలో నిలవదు. టౌన్‌లో ఎవరి గోడవారనో చేరి, ఎవరి చేతివైపో చూస్తూ బతకాలి. వాటిలో తెల్లమూతి గొర్రె చూలుతో ఉంది. అది వచ్చి ఆమె మోచేతిని నాకింది.

"నిన్ను మాత్రం ఇవ్వనే. వాళ్ళ తాత దిగొచ్చినా ఇవ్వను" అంది తెక్బర్ ముక్కు తుడుచుకుంటూ.

దాక్కున్నా లాభం లేదని తెక్బర్ గుడారాన్ని మళ్ళీ బావి దగ్గరికే తెచ్చుకుంది. తర్వాతి గురువారం హాకిం గారు అక్కడ మంచి హుషారుగా దిగారు. దేశం మొత్తం మీద వాహనాలు చెడిపోని ఆదర్శ జిల్లాగా తెన్వీష్‌ని ప్రకటించబోతున్నారని రాజధాని నుంచి కబురొచ్చింది. ఆ ఉదయమే రేడియోలో, తన పాలనలో ఒక్క బోల్టు కూడా వదులు కాలేదని ఆయన ప్రమాణపూర్వకంగా చెప్పారు. ఆ సంతోషంలో దహ్మాన్ బోనెట్ ఎత్తాడు.

"ఈసారి డిఫరెన్షియల్ సార్. పెద్ద జబ్బే."

తెక్బర్ మంద వైపు వెళ్ళింది. పళ్ళు ఊడిన ముసలి గొర్రెనొకదాన్ని కోయించింది. పులుసు పల్చగా వచ్చింది. ఆ పులుసు గిన్నె చేతులు మారేటప్పుడు సల్కా చెయ్యి జారింది. జారిందో, జార్చిందో సల్కాకే తెలియాలి. గిన్నెడు పులుసూ దహ్మాన్ అంగరఖా మీద ఒలికింది.

"అయ్యయ్యో! విప్పు నాయనా, ఉతికిస్తాను" అంది తెక్బర్.

"వద్దమ్మా, వద్దు! ఫర్వాలేదు!" అని దహ్మాన్ రెండు చేతులా ఛాతీ మీది జేబు పట్టుకున్నాడు.

"మురికి బట్టతో చుట్టాన్ని పంపిందని నలుగురూ నన్ను ఆడిపోసుకోరూ?"

"ఇవ్వరా, సంప్రదాయాన్ని గౌరవించాలి" అన్నారు హాకిం గారు, నల్లి ఎముక చీకుతూ.

బట్ట ఉతుకుతుంటే జేబులోంచి నల్లటి చిన్న డబ్బీ ఒకటి రాలింది. కింద నాలుగు రాగి కాళ్ళున్నాయి. అదేమిటో తెక్బర్‌కి తెలియదు. కానీ జేబు పట్టుకున్నప్పటి దహ్మాన్ మొహం ఆమెకి గుర్తుంది. తాళంచెవులు కట్టుకునేచోట, ఒంటికి చుట్టుకున్న మెల్హ్‌ఫా కొంగు చివర దాన్ని ముడేసుకుని వచ్చి కూర్చుని మూడో టీ పోసింది.

టీ అయింది. హాకిం గారు త్రేన్చి, "ఊఁ, కానియ్" అన్నారు.

దహ్మాన్ బోనెట్‌లో తల పెట్టాడు. తడి బట్ట జేబులో చెయ్యి పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. జేబుని తిరగేసి చూశాడు. తర్వాత హాకిం గారి దగ్గరికి వచ్చాడు.

"సార్, బండి కదలదు."

"కదలకపోవడమేమిట్రా? భోంచేశాం కదా!"

"నిజంగానే చెడిపోయింది సార్."

"ఆ మాట వాడకు!" అని హాకిం గారు యెస్లిమ్ వైపు కంగారుగా చూశారు. యెస్లిమ్ మైకులోకి ఏం మాట్లాడాలో తెలియక టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

మెకానిజంలో దహ్మాన్‌కి తెలిసింది ఒక్కటే. ఇంజన్‌కి కరెంటు అందించే ఆ నల్ల డబ్బీని, అంటే రిలేని, పీకడం, మళ్ళీ పెట్టడం. ఆ విద్యతోనే అతను ఇన్నేళ్ళూ గౌరవంగా బతికాడు. ఇప్పుడు తెక్బర్ దగ్గరికొచ్చి చేతులు నలుపుకున్నాడు.

"అమ్మా, నా జేబులో చిన్నదొకటి ఉండాలి..."

"ఏంటది నాయనా?"

హాకిం గారు దగ్గారు. యెస్లిమ్ మైకు కాస్త ముందుకు జరిపాడు. బండిలో ఉండాల్సిన సామాను జేబులోకెలా వచ్చిందని ఎవరైనా అడుగుతారేమోనని దహ్మాన్‌కి చెమటలు పట్టాయి.

"తాయెత్తమ్మా."

"తాయెత్తు పోయిందా! ఎంత గండం నాయనా. వెతుకుదాంలే. నువ్వు బెంగ పెట్టుకోకు."

దిబ్బ ఎక్కితే ఫోన్ పలుకుతుంది, వేరే బండి పంపమని చెబుదామన్నాడు యెస్లిమ్. "ఏమని చెబుతావయ్యా?" అని హాకిం గారు గొంతు తగ్గించారు. "పొద్దున్న బోల్టు వదులు కాలేదన్నాను. సాయంత్రానికి బండి పంపమంటానా? అవార్డు ఏం కావాలి?" అందుచేత యెస్లిమ్ దిబ్బెక్కి, హాకిం గారు ప్రజల మధ్యే బస చేయాలని నిర్ణయించుకున్నారని వార్త చదివి దిగాడు.

మర్నాడు తెక్బర్ మిగిలిన మాంసంతో గోధుమరవ్వ కుస్కుస్ వండి పెట్టింది. ఆ మర్నాడు సజ్జ జావ పోసింది. హాకిం గారు గిన్నెలో గరిటె తిప్పి తిప్పి చూశారు. ఏ మూలా ముక్క తగల్లేదు.

నాలుగో రోజు పొద్దున్నే హమ్మాదీ ముసలాయన వచ్చి హాకిం గారి చేతిలో బావి మోకు పెట్టాడు.

"ఏమిటిది?"

"చుట్టరికం మూడు రోజులు బాబూ. అది మా తాతల మాట, మీ తాతల మాట కూడా. ఆ తర్వాత ఇంటి మనిషి. ఇంటి మనిషికి తిండితో పాటు పని కూడా ఉంటుంది. గొర్రెలు దాహంతో ఉన్నాయి, పదండి."

"నీళ్ళు తోడేది నీ గాడిద కదా?"

"గాడిద సాంకేతిక విశ్రాంతిలో ఉంది బాబూ."

ఆ బావి మహా లోతు. మోకు భుజాన వేసుకుని, చేద పైకొచ్చేదాకా దూరంగా నడుచుకుంటూ లాగాలి. హాకిం గారు లాగారు. ముందు ఆయన, వెనక దహ్మాన్, ఆ వెనక యెస్లిమ్. చేద పైకొచ్చేసరికి సగం ఒలికిపోయేది. గొర్రెలు తాగి, ఇంకా ఏదీ అన్నట్టు చూసేవి. తెల్లమూతి గొర్రె మరీ ఎక్కువ చూసింది. ఎండ నెత్తికెక్కేసరికి హాకిం గారి అరచేతులు బొబ్బలెక్కాయి, జెండా రంగు అంగరఖా మట్టి రంగయింది. ఆయన తొట్టి పక్కన కూలబడి, ఒక పరిపాలనాపరమైన నిర్ణయానికి వచ్చారు.

"చెల్లెమ్మా, మనిషి చేసే పని కాదిది. ఆ బండే కదిలితేనా, ఈ మోకు దానికి కట్టి లాగించేవాణ్ణి."

"కదిలితే వెళ్ళిపోతారుగా."

"వెళ్ళను. మంద మొత్తం తాగేదాకా వెళ్ళను. ప్రభుత్వం మాట."

"ప్రభుత్వం మాట వద్దులెండి. మీ అమ్మ మీద ఒట్టేయండి."

హాకిం గారు వేశారు. తెక్బర్ నింపాదిగా కొంగు ముడి విప్పింది.

"దహ్మానూ, నీ తాయెత్తు దొరికింది నాయనా. బట్టల్లో ఉంది. మహిమ గలదిలా ఉంది, జాగ్రత్తగా పెట్టుకో."

దహ్మాన్ దాన్ని కళ్ళకద్దుకుని బోనెట్‌లో తల పెట్టాడు. బండి గుర్రుమంది. యెస్లిమ్ ఆ తాయెత్తు గురించి ఏదో అడగబోయి, తన భుజం మీద తాడు ఒరిసిన చోటు తడుముకుని ఊరుకున్నాడు.

మోకుని బండి వెనక కొక్కేనికి కట్టారు. దహ్మాన్ గేరు వేశాడు. వెనక చక్రాలు మామూలుగానే గొయ్యి తవ్వాయి. చేద అంగుళం లేవలేదు. హాకిం గారు బండి వైపు చూశారు. తన అరచేతుల వైపు చూసుకున్నారు.

"దహ్మాన్. మోకరిల్లు."

"సార్, ప్రోటోకాల్..."

"మోకరిల్లరా, నీ ప్రోటోకాల్ తగలెయ్య! నువ్వు రెండోవైపు చూసుకో, ఇటు చక్రం నేను చూసుకుంటాను!"

జిల్లా హాకిం గారూ, జిల్లా డ్రైవరూ చెరో చక్రం ముందు మోకరిల్లారు. ఆ మూతలు బండి పుట్టిన నాటి నుంచీ తిప్పలేదేమో, బిగుసుకుపోయి ఉన్నాయి. సల్కా ఇచ్చిన నెయ్యి రాసి, గుడ్డ చుట్టి, పళ్ళు బిగబట్టి తిప్పారు. హమ్మాదీ ఎవరినీ అడక్కుండా నాలుగు టైర్లలోనూ కాస్త కాస్త గాలి తీశాడు. ఈసారి గేరు వేయగానే నాలుగు చక్రాలూ ఇసుకని పట్టుకున్నాయి. చేద ఒక్క చుక్క ఒలక్కుండా పైకొచ్చింది.

గొర్రెలు తాగాయి. ఒంటెలు తాగాయి. పక్క గుడారాల మందలు కూడా వచ్చి తాగాయి. బండి వెళ్ళేది, వెనక్కొచ్చేది, మళ్ళీ వెళ్ళేది. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఇన్ని వారాల్లో తెక్బర్ నవ్వడం సల్కా అప్పుడే చూసింది.

చూస్తూ చూస్తూ హాకిం గారి మొహంలోకి మెల్లగా మునుపటి కళ వచ్చింది. ఆయన అంగరఖా దులుపుకుని, మోకాళ్ళ మీది మట్టి మాత్రం ఉంచుకుని, యెస్లిమ్‌ని పిలిచారు.

"రాసుకో. నాలుగు రోజుల పాటు ప్రజల మధ్య పరిశోధన చేసి హాకిం గారు కనిపెట్టిన ఫోర్ వీల్ జలోద్ధరణ పథకం. బండి బావి దగ్గర ఆగింది ఈ ప్రయోగం కోసమే."

"మరి మళ్ళీ గురువారం వచ్చి తోడిస్తారా అన్నా?" అంది తెక్బర్.

"ఎంత మాట చెల్లెమ్మా! ఇది నీ బండి" అని హాకిం గారు ఎక్కి కూర్చున్నారు.

ఆ మరుసటి గురువారం బండి రాలేదు. ఆ పై గురువారం కూడా రాలేదు. పథకం గురించి మాట్లాడటానికి హాకిం గారు రాజధానిలో ఉన్నారని రేడియో చెప్పింది. నీళ్ళు మళ్ళీ గాడిదే తోడింది. అయినా తెక్బర్‌కి ఏ బాధా లేదు. ఇంకా చెప్పాలంటే ఆమెకి అంత సుఖమైన గురువారాలు ఈ మధ్య లేవు. తెల్లమూతి గొర్రె ఈనింది. పిల్లకి కూడా మూతి తెల్లగానే ఉంది.

ఆ పిల్ల గంతులేయడం మొదలుపెట్టిన రోజుల్లో రేడియో ఇంకో ప్రకటన చేసింది. జలోద్ధరణ పథకాన్ని దేశమంతటికీ ఆదర్శంగా ఎంపిక చేశారు. దాన్ని కళ్ళారా చూడటానికి సాక్షాత్తూ మంత్రిగారే అధికార బృందంతో బీర్ లెగ్రేద్ విచ్చేస్తున్నారు.

గురువారం మధ్యాహ్నం బావి దారి మీద దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి తెల్లటి ఫోర్ వీల్ బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నిటికీ జెండాలున్నాయి. అవి బావి దగ్గర ఆగలేదు. తెక్బర్ గుడారం ముందు వరసగా నిలబడ్డాయి. మొదటిది దగ్గింది. రెండోది దగ్గింది. తర్వాత ఒక్కొక్కటే అన్నీ దగ్గాయి.

మొదటి బోనెట్ లేచింది. పక్కది లేచింది. ఈ చివర నుంచి ఆ చివరి దాకా బోనెట్లు లేచాయి. ఆ వరసలో చిట్టచివర దహ్మాన్ ఉన్నాడు. అతనొక్కడే తెక్బర్ వైపు చూడకుండా, రెండు చేతులా ఛాతీ మీది జేబు మూసుకుని నిలబడ్డాడు.

మంత్రిగారు దిగి, మందని ఒకసారి కలియజూసి, చేతులు జోడించారు.

"ఏమిటోనమ్మా, అన్నిటికీ ఒక్కసారే ట్రబులొచ్చింది."

"దానికేముంది బాబూ. దిగండి, దిగండి, మీ ఇల్లే" అంది తెక్బర్. చాపలు పరిపించింది. గొర్రెపిల్లని లోపలికి తోసి తెర దించింది. తర్వాత సల్కాని గుడారం వెనక్కి పిలిచింది.

"బావి మోకులు ఎన్ని ఉన్నాయే?"

"ఒక్కటే వదినా."

"పక్క బావి వాళ్ళని అడిగి ఉన్నవన్నీ పట్రమ్మని హమ్మాదీ పెదనాన్నని పంపు. నువ్వు పొయ్యి రాజెయ్. ఎముకలున్నాయిగా, పులుసు పెట్టు. పల్చగా ఉన్నా ఫర్వాలేదు, డ్రైవర్లందరికీ సరిపోవాలి."